పాత కమాండర్ జీపు: ట్యాంకు దగ్గర డీజిల్ పైపు నట్టు పట్టేసింది, విరగకుండా విప్పేదెట్లా?

ఇందుకూరుపేట నుంచి:
అన్నలకు నమస్కారం. మైపాడు దగ్గర మాకు నాలుగెకరాల రొయ్యల గుంటలున్నాయి. మా నాయన 1996లో కొన్న కమాండర్ జీపే ఇప్పటికీ మేత బస్తాలకూ ఐసుకూ తిరుగుతోంది. నెల రోజులుగా పొద్దున్నే స్టార్ట్ కావాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. ఒకసారి అందుకుంటే సాయంత్రం దాకా ఇబ్బంది లేదు. కింద డీజిల్ చుక్క కూడా కారడం లేదు.

ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు (డీజిల్‌ను లాగి ఇంజిన్ వైపు పంపే చిన్న పంపు) వచ్చే ఇనుప పైపు మీద అనుమానంతో విప్పబోయాను. ట్యాంకు దగ్గర నట్టు తుప్పుతో ముద్దయిపోయింది. 17 నంబరు స్పానర్ వేస్తే జారి రెండు మూలలు అరిగాయి. ఇంకాస్త బలం పెడితే నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతోంది. భయమేసి వదిలేశాను. గ్యాసు పెట్టి కాలిస్తే నిమిషంలో వస్తుందని వెల్డింగ్ షాపాయన అంటున్నాడు. నాయన పోయి మూడేళ్లయింది. ఈ బండిని తుక్కుకు వేసే ఆలోచన నాకు లేదు. ఏం చేయమంటారు?

కావలి, పాత డీజిల్ మెకానిక్:
నాయనా, ముందు ఆ గ్యాసు మాట మర్చిపో. ట్యాంకు ఖాళీ చేశామనుకున్నా లోపల ఆవిరి ఉంటుంది. డీజిలే కదా అని ట్యాంకు పక్కన మంట పెట్టడం ప్రాణంతో ఆట. బ్యాటరీ వైరు తీసేసి పని మొదలుపెట్టు.

నీ అనుమానం సరైనదే. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు డీజిల్‌ను లాక్కుంటుంది. అక్కడ సందు పడితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే పైపులో డీజిల్ వెనక్కి ట్యాంకులోకి దిగిపోతుంది. పొద్దున సెల్ఫ్ మోత అందుకే.

నట్టును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దు. నట్టు వెనక, పైపు దూరే చోట తుప్పు వదిలించే నూనె పొయ్యి. పూటకోసారి మూడు రోజులు. పోసినప్పుడల్లా నట్టుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో మెల్లగా తట్టు. ఆ అదురుకే నూనె మరల్లోకి దిగుతుంది. తర్వాత పైపు నట్లకని అమ్మే రింగు స్పానర్ తెచ్చుకో. పైపు దూరడానికి దానికి ఒక చోట కోసి ఉంటుంది, అయినా ఐదు మూలలు పట్టుకుంటుంది. మామూలు స్పానర్ రెండే పట్టుకుంటుంది. ట్యాంకు వైపు ముక్కను ఇంకో స్పానర్‌తో గట్టిగా పట్టి ఉంచు, లేకపోతే ట్యాంకు అతుకే చీలుతుంది. ముందు ఒక్క వెంట్రుకంత బిగించు, అప్పుడు వదులు చెయ్యి. కదిలిందా, ఒక్కసారిగా లాగొద్దు. కాస్త ముందుకు, కాస్త వెనక్కి, మధ్యలో నూనె.

ఒంగోలు నుంచి:
మెకానిక్ గారు చెప్పింది నిజమే, కానీ పైపు మెలి తిరిగిందంటే ఆ పైపు పని అయిపోయినట్టే. దాన్ని కాపాడాలని చూడకండి. డీజిల్ తీసేసి, నట్టుకు ఆనుకుని చేతి రంపంతోనే పైపు కోసేయండి, గ్రైండర్ వద్దు, నిప్పురవ్వలు లేస్తాయి. అప్పుడు ఆరు మూలల సాకెట్ నిండుగా కూర్చుంటుంది. నా పాత వ్యానుకు రెండు రోజులు కుస్తీ పట్టి చివరికి ఇదే చేశాను, ఐదు నిమిషాల్లో వచ్చింది. కొత్త పైపు వంచి, చివర ఫ్లేరింగ్ చేసి, అంటే అంచు విచ్చుకునేలా చేసి ఇచ్చేవాళ్లు ఆటోనగర్‌లో ఉంటారు. పాత పైపు ముక్కలు నమూనాకి తీసుకెళ్లండి. రబ్బరు గొట్టంతో అతుకు వేస్తే డీజిల్‌కు తగినదే వేయాలి. ఇంజెక్షన్ పంపు నుంచి ఇంజెక్టర్లకు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) పోయే పైపులకు మాత్రం ఆ అతుకు ఎప్పుడూ పనికిరాదు, అక్కడ ప్రెషర్ చాలా ఎక్కువ.

కొత్తపట్నం నుంచి:
తమ్ముడూ, బండి ఏ నీళ్లతో కడుగుతున్నావు? మా ఊళ్లో బోరు నీళ్లు ఉప్పు. వాటితో కడిగినన్నాళ్లూ మా ట్రాలీ కింద నట్లు ఏడాదికే పట్టేసేవి. రొయ్యల టబ్బుల నుంచి ఒలికే నీళ్లు కూడా అంతే. ఇప్పుడు వారానికోసారి మంచినీళ్లతో అడుగు భాగం కడిగి, నట్లకు గ్రీజు పూస్తున్నాం.

కావలి, పాత డీజిల్ మెకానిక్:
పైపు కోయమన్న మాటకు నాకూ అభ్యంతరం లేదు. బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. మరలకు తెల్ల టేపు చుట్టొద్దు. ఈ నట్టులో డీజిల్‌ను ఆపేది మర కాదు, పైపు చివర విచ్చుకున్న అంచు. టేపు ముక్క ఊడితే ఫిల్టర్ దాకా పోయి అడ్డం పడుతుంది. గ్రీజు కూడా నట్టు వెనక వైపే, ఆ అంచుకు తగలకుండా.

ఇందుకూరుపేట నుంచి:
అందరికీ దండాలు. మూడు రోజులు నూనె పోశాను. నాలుగో రోజు నట్టు పావు చుట్టు తిరిగి ఆగింది, పైపు మళ్లీ మెలిపడింది. ఇంక కోసేశాను. సాకెట్ వేస్తే వచ్చేసింది. చూస్తే నట్టు లోపల పైపు తుప్పుకు కాగితంలా పలచబడి, సూది మొనంత చిల్లి ఉంది. నెల్లూరులో కొత్త పైపు చేయించాను. బిగించాక ఫిల్టర్ మీద గాలి స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా ఫీడ్ పంపు చేత్తో కొట్టాను. ఈ పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. ఇంట్లో అమ్మ ఆ చప్పుడు విని బయటికొచ్చింది. అన్నా, కడిగేది బోరు నీళ్లతోనే, ఇవాళ్టితో మానేశాను. మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి తెచ్చే తిరుగు పైపు నట్టు కూడా తుప్పుగానే ఉంది. రేపటి నుంచి దానికీ నూనె మొదలుపెడతాను.