అమెరికా, రష్యా కొట్టుకున్నది సిద్ధాంతం కోసమా, పెత్తనం కోసమా? మన ఏజెన్సీకి ఏం ఒరిగింది?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం):
మొన్న టీ బడ్డీ దగ్గర మొదలైన గొడవ ఇక్కడికి తెచ్చాను. 1945 తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ నలభై ఏళ్లకు పైగా సిద్ధాంతం కోసం పోట్లాడాయని పాఠాల్లో చదివాం. నాకు నమ్మకం లేదు. సిద్ధాంతమే అయితే 1971లో కమ్యూనిస్టు చైనా, పెట్టుబడిదారీ అమెరికా రెండూ పాకిస్తాన్ సైనిక పాలకుడి పక్కన ఎందుకు నిలబడ్డాయి? నాసర్ ఈజిప్టులో కమ్యూనిస్టులను జైల్లో పెడుతుంటే అదే నాసర్‌కు అస్వాన్ డ్యాం కోసం మాస్కో అప్పు ఎలా ఇచ్చింది?

బొబ్బిలి_కుర్రాడు:
కరెక్ట్ అన్నా. ఇప్పుడు అమెరికా, చైనా చిప్‌ల గొడవ కూడా అంతే కదా.

రిటైర్డ్_మాస్టారు (పార్వతీపురం):
తమ్ముడూ, సగమే చెప్పావు. ఒట్టి పెత్తనమే అయితే ఎక్కడో ఒకచోట గట్టు వేసుకుని సర్దుకునేవాళ్లు. ఎదుటివాడి పద్ధతి బతికి ఉంటేనే తమకు ముప్పని ఇద్దరూ నమ్మారు. 1947లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీసు, టర్కీలకు సాయం అడుగుతూ, ప్రపంచం రెండు జీవన విధానాల్లో ఒకటి ఎంచుకోవాలన్నాడు. అంత మాట అన్నాక వియత్నాంలో పల్లె కూడా అమెరికా పొలిమేర అయిపోయింది.

మన దగ్గరే చూడు. 1956లో సోవియట్ నేత క్రుశ్చేవ్ స్టాలిన్ తప్పులు బయటపెట్టాడు, చైనా నేత మావోకు నచ్చలేదు. 1960లో రష్యా తన నిపుణులను చైనా నుంచి వెనక్కి పిలిపించింది. 1964లో ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ సీపీఐ, సీపీఎం అని రెండయింది, 1969లో మూడోది, నక్సలైట్లది, పుట్టింది. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవాళ్లు ఒకడు మాస్కో వాడు, ఒకడు పెకింగ్ (బీజింగ్) వాడు. మా నాన్నగారి స్టాఫ్ రూంలో ఇద్దరు మాట్లాడుకోవడమే మానేశారట. పైసా లాభం లేని చోట అంత పంతం ఎక్కడిది మరి?

నాగావళి_గట్టు:
మాస్టారూ, మన ఏజెన్సీలో గిరిజనుల తిరుగుబాటు రాజేసిన లేవిడి గొడవ మాస్కోలో పుట్టిందా? 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనులను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి కాల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో విడుదలయ్యారు. భూమి, అప్పు, వెట్టి, అదీ అసలు సంగతి. 'చైనా చైర్మనే మా చైర్మన్' అన్నది ఆ కడుపుమంట మీద ఎవరో అతికించిన కాగితం.

ఏజెన్సీ_బస్సు:
చిన్న మాట. లేవిడి అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 1979 నుంచి విజయనగరం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. 'మా జిల్లా చరిత్ర' అని ముగ్గురూ మొదలెట్టకండి.

రిటైర్డ్_మాస్టారు:
అతికించిందే, కాదనను. కానీ అతికించాక ఏమైంది? భూమి కోసం మొదలైనది 'వర్గశత్రు నిర్మూలన', అంటే భూస్వాములను చంపడం, అయింది. అది కొండ మీద పుట్టిన ఆలోచన కాదు. సర్కారుకూ అది భూతగాదాలా కాక కుట్రలా కనబడింది, సాయుధ పోలీసులు దిగారు. 1970 జులైలో ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. ఇద్దరూ బడిపంతుళ్లే. అదే ఏడాది చైనా వెళ్లిన ఆ మూడో పార్టీ ప్రతినిధితో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆ 'చైర్మన్' నినాదం తప్పని చెప్పాడు. 1972 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పెకింగ్ వెళ్లి మావోతో చేయి కలిపాడు. ఆ వార్త ఇక్కడ జైళ్లలో ఉన్నవాళ్లు ఎలా విని ఉంటారో!

నాగావళి_గట్టు:
నేను మొదట్నుంచీ అంటున్నది అదే కదా. పైవాళ్లకు అవసరం, మనవాళ్లకు సిద్ధాంతం.

రిటైర్డ్_మాస్టారు:
పైవాళ్లూ నమ్మారయ్యా. అవసరం పడ్డప్పుడు మడిచి జేబులో పెట్టుకునే వీలు వాళ్లకుంది, మన వెంపటాపు సత్యానికి లేదు. ఇంకోటి మరచిపోకు. ఏజెన్సీ భూమి ఎవరు అమ్మినా గిరిజనుడికే అమ్మాలని 1959 నిబంధనను బిగించి 1/70 చట్టం తెచ్చింది ఆ 1970లోనే. కొండలు అంత అట్టుడకకపోతే అది అప్పుడే వచ్చేదంటావా?

ఏజెన్సీ_బస్సు:
వచ్చింది సరే, అమలు? బినామీల సంగతి వేరే పోస్టు పెట్టండి, రాత్రంతా రాస్తాను.

బొబ్బిలి_కుర్రాడు:
మాస్టారూ, ఒక డౌట్. మా తాత కొన్న రష్యా పిల్లల పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి. రంగు బొమ్మలు, మంచి తెలుగు, మాస్కోలో అచ్చు. అవీ ప్రచారమేనా?

రిటైర్డ్_మాస్టారు:
ప్రచారమే బాబూ. లేకపోతే అంత చవగ్గా ఎవరిస్తారు? మావి చెదలు తినేశాయి. నీవి ఫోటోలు తీసి పెట్టు, మా మనవరాలికి చూపిస్తాను.