ఫిలిప్పీలో ‘అధ్యక్షులు’ ఎవరు?

పోయిన ఆదివారం చర్చిలో బైబిల్లోని ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఫిలిప్పీ ఊళ్లోని క్రైస్తవులకు పౌలు రాసిన ఉత్తరం, మొదటి వచనం చదివారు: “...అధ్యక్షులకును పరిచారకులకును”. పక్కనే ఉన్న మా మేనకోడలు మెల్లగా అడిగింది, “ఒక్క ఊరికి అంతమంది ప్రెసిడెంట్లా మావయ్యా?” అప్పటికి ఏదో సర్దిచెప్పాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

గ్రీకులో అక్కడున్న మాట ‘ఎపిస్కొపొస్’. ‘ఎపి’ అంటే పైన, ‘స్కొపొస్’ అంటే చూసేవాడు. టెలిస్కోప్‌లో ఉన్నదీ ఆ చూపే. ఇదే నోళ్లలో అరిగి అరిగి ‘బిషప్’ అయింది. ఇప్పుడు మన ‘అధ్యక్ష’ని విడదీయండి: అధి, అక్ష. పైన, కన్ను! మన బైబిలు అనువాదకులు ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి. అర్థశాస్త్రంలో సాగు చూసేవాడు సీతాధ్యక్షుడు, నూలు పని చూసేవాడు సూత్రాధ్యక్షుడు. అంటే దగ్గరుండి పని చూసుకునేవాడు. సభలూ పార్టీలూ వచ్చాక ఆ మాట వేదికెక్కి కూర్చుంది, అంతే.

అపొస్తలుల కార్యములు 20లో కూడా చూడండి. 17వ వచనంలో ‘పెద్దలు’ అన్నవాళ్లనే 28లో ‘అధ్యక్షులు’ అన్నారు, అదీ మందను కాయమని చెబుతూ. కాబట్టి ఫిలిప్పీలో బహువచనం చూసి కంగారు పడక్కర్లేదు. సంఘాన్ని కనిపెట్టుకుని ఉండే పెద్దలు నలుగురూ ఉంటారు కదా, వాళ్లే.

కామెంట్: బాగుందండీ. మేం కతోలికులం, బిషప్‌ని మేత్రాణులు అంటాం. మేత్రాసనానికి, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతానికి, ఒక్కరే ఉంటారు. మరి ఫిలిప్పీలో ఆ ‘ఒక్కరు’ ఎప్పుడొచ్చారు?

జవాబు: మంచి ప్రశ్న అండీ. ఏ సంవత్సరమని చెప్పలేం గానీ, నాలుగో శతాబ్దానికి వచ్చేశారు. ఆ ఊరు ఇప్పుడు ఉత్తర గ్రీసులో శిథిలాలుగా ఉంది. క్రీ.పూ. 42 నాటి యుద్ధం తర్వాత రోమన్ సైనికులకు భూములిచ్చి నిలిపిన కాలనీ అది. అక్కడ ఎనిమిది మూలల చర్చి అడుగున ఇంకా పాత చర్చి నేల బయటపడింది. చిన్న చిన్న రంగురాళ్లు పేర్చి రాసిన అక్షరాలు: పౌలు పేరున్న ఆ బసిలికాకు (చర్చికి) ఈ నేల వేయించింది పొర్ఫిరియొస్ అని. క్రీ.శ. 343 ప్రాంతంలో సెర్దికాలో (ఇప్పటి సోఫియా) జరిగిన బిషప్పుల సభకు వెళ్లిన బిషప్ ఆయన. పేరు పక్కనే ‘ఎపిస్కొపొస్’ అని ఉంది, ఏకవచనంలో.