వెనక చక్రాల హైడ్రాలిక్ మోటార్లు: అదే 315 సీసీనా, 400 వేయాలా?

దేవరకొండ బత్తాయి:
అన్నలూ, తోటలో తిప్పే చిన్న ట్రాక్టర్ నాది, సెకండ్ హ్యాండ్. వెనక రెండు చక్రాలకు చెరో హైడ్రాలిక్ మోటారు. ఎడమది షాఫ్ట్ దగ్గర ఆయిల్ కారుతోంది. పొద్దున బాగానే లాగుతుంది, మధ్యాహ్నం ఆయిల్ వేడెక్కితే మందు ట్యాంకుతో గట్టు ఎక్కట్లేదు. ప్లేటు మీద 315 సీసీ అని ఉంది, అంటే ఒక చుట్టుకు 315 సీసీ ఆయిల్ పడుతుందన్నమాట. పాత సామాన్ల దుకాణంలో 400 సీసీది దొరుకుతోంది. ఏది వేయాలి?

మునుగోడు:
ఒక్కటి మార్చొద్దు. జత మార్చు.

రేగడి రైతు:
కళ్లు మూసుకొని 400 వేయండి. సీసీ పెరిగితే బలం పెరుగుతుంది. మా నల్లరేగడిలో వాన పడితే 315తో బండి దిగబడేది. 400 వేశాక ట్రాలీతో సహా బయటికొచ్చింది.

పాలమూరు మేస్త్రి:
బలం పెరిగే మాట నిజమే. 140 బార్ దగ్గర లెక్క ప్రకారం 315కు సుమారు 700 న్యూటన్ మీటర్లు, 400కు 890. కానీ పంపు ఇచ్చే ఆయిల్ అంతే కదా. నిమిషానికి 40 లీటర్ల పంపైతే చక్రానికి 20 లీటర్లు. దాంతో 315 నిమిషానికి 63 చుట్లు తిరుగుతుంది, 400 అయితే 50. ఒక పక్క 400, ఇంకో పక్క 315 పెడితే 315 చక్రం ముందుకు పోయి బండి 400 వైపు లాగేస్తుంది. సాలు సాలుకీ స్టీరింగ్‌తో కుస్తీ పట్టాలి.

అసలు ముందు చూడాల్సింది సీసీ కాదు, అది వీల్ మోటారేనా అని. వీల్ మోటారుకు ఫ్లాంజి, అంటే బోల్టులు బిగించే పళ్లెం, వెనక్కి ఉంటుంది, బేరింగులు చక్రం లోపలికి వస్తాయి. మామూలు ఫ్లాంజి మోటారు బిగిస్తే బండి బరువంతా షాఫ్ట్ కొస మీద వేలాడుతుంది. బేరింగ్ పోతుంది, దాని వెంటే సీలూ పోతుంది.

రేగడి రైతు:
తోటలో స్పీడు ఎవరికి కావాలి? రేసుకా? 400 వేయండి.

పాలమూరు మేస్త్రి:
మందు కొట్టే బండికి స్పీడే లెక్క. బండి నెమ్మదిస్తే చెట్టుకు పడే మందు పెరుగుతుంది.

కోదాడ:
400కు ఎంత చెప్తున్నారు?

పాలమూరు మేస్త్రి:
తమ్మీ, కొనకముందు పని ఒకటి ఉంది. మోటార్లకు పోయే పైపులు విప్పి, ప్లగ్గులు వేసి, గేజి పెట్టి చూడు. ఆయిల్ వేడి మీదే చూడాలి. పంపు అప్పుడు కూడా ప్రెషర్ ఇవ్వకపోతే కొత్త మోటారు వేసినా ఇదే కథ. కేస్ డ్రైన్ పైపు (మోటారు లోపల ఊరిన ఆయిల్ బయటికి పోయే సన్న పైపు) ఉంటే అది నేరుగా ట్యాంకుకే పోతోందో లేదో చూడు. అది మూసుకుపోతే ప్రెషరంతా షాఫ్ట్ సీలు మీద పడుతుంది. ప్లేటు మీద ఈటన్ వాళ్ల బ్రాండు చార్-లిన్ అని ఉంటే ఇప్పుడు డాన్‌ఫాస్ దగ్గర అడగాలి. ఈటన్ హైడ్రాలిక్స్ 2021లో వాళ్ల చేతికి పోయింది.

రేగడి రైతు:
గేజి, ప్లగ్గులు, ఫిల్టర్, ట్యాంకు కడుగుడు... నా దగ్గర ఒక మెకానిక్ ఇవన్నీ చేసి బిల్లు వేశాడు. ఆ సీజన్‌లోనే మోటారు మళ్లీ పోయింది. మీకు పని పెరగాలి, అంతే.

పాలమూరు మేస్త్రి:
మాట జాగ్రత్త అన్నా. మోటారు ఎక్కడ కొన్నారు?

రేగడి రైతు:
పాత సామాన్ల దగ్గరే. అయితే?

పాలమూరు మేస్త్రి:
బిల్లు లేని మోటారు తెచ్చిస్తారు, పోతే గ్యారంటీ మమ్మల్ని అడుగుతారు. నా కూలీ ఎగ్గొట్టినోళ్లు ఇట్లాగే మాట్లాడారు.

రేగడి రైతు:
కూలీ సంగతి కాదిక్కడ. కడిగి, మార్చి, బిగించేది మీ మెకానిక్‌లే. పోయినప్పుడు అమ్మినోడు మెకానిక్‌ను చూపిస్తాడు, మెకానిక్ అమ్మినోణ్ని చూపిస్తాడు. మందు కొట్టే రోజులు పోయేది నాకు. ఆ నష్టం ఎవరు పెట్టుకోవాలి? దానికి జవాబు చెప్పండి ముందు, మీ 315 తర్వాత.

దేవరకొండ బత్తాయి:
అన్నలూ ఆగండి. ఇప్పుడే రిటర్న్ ఫిల్టర్ (ట్యాంకుకు తిరిగొచ్చే ఆయిల్‌ను వడగట్టేది) కోసి మడతలు విప్పి చూశాను. లోపల మెరిసే పొడి ఉంది. వేలితో రాస్తే గరగర తగులుతోంది. అయస్కాంతం పెడితే ఎక్కువ భాగం అంటుకుంది.

పాలమూరు మేస్త్రి:
అయితే ఏదో ఇనుము అరుగుతోంది. ఆ పొడి ట్యాంకులో ఉండగా కొత్త మోటారు బిగిస్తే దాన్నీ తినేస్తుంది. ట్యాంకు, పైపులు కడగమనేది ఇందుకే. రేగడి అన్నా, మీ మాటకు నా జవాబు ఇది: కడగకుండా బిగించమంటే నేను గ్యారంటీ ఇవ్వను. కడిగి బిగించాక సీలు కారితే కూలీ తీసుకోకుండా మళ్లీ విప్పుతాను. మోటారు లోపల పోతే అది అమ్మినోడిదే, అందుకే బిల్లు ఉండాలి.

రేగడి రైతు:
ఇది ముందే కాగితం మీద రాసిచ్చే మెకానిక్ నాకు ఇంతవరకు దొరకలేదు.

మునుగోడు:
నాకూ దొరకలేదు.

దేవరకొండ బత్తాయి:
నేను రాయించుకుంటాను. గేజి పెట్టి చూశాక పంపు బాగుంటే 315 వీల్ మోటార్లు జత, బిల్లుతోనే కొంటాను. మేస్త్రి అన్నా, షాఫ్ట్ టేపరుగా, అంటే కొసకు సన్నబడుతూ ఉంది, హబ్ జారకుండా పెట్టే ఇనుప ముక్క, కీ కూడా ఉంది. హబ్ పాతదే సరిపోతుందా?

పాలమూరు మేస్త్రి:
టేపరు, కీ సైజు రెండూ కలిస్తే సరిపోతుంది. హబ్ లోపల కీ గాడి అంచులు అరిగాయేమో చూడు. అరిగితే నట్టు ఎంత బిగించినా ఆగదు.

రేగడి రైతు:
గ్యారంటీ మాట ఒప్పుకుంటాను. మా రేగడిలో మాత్రం 400యే.