కుక్కపిల్లకి రోజూ చికెన్ కార్జం పెట్టొచ్చా?

మా దేశీ పిల్లకి 4 నెలలు, ప్యాకెట్ ఫుడ్ ముట్టట్లేదు, చికెన్ షాపులో కార్జం చవగ్గా వస్తోందని రోజూ అదే ఉడకబెట్టి అన్నంలో కలిపి పెడుతున్నా, ఇష్టంగానే తింటోంది కానీ రోజూ ఓకేనా అండీ?

జవాబు 1: రోజూ వద్దండీ. కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ, ఒంట్లో పేరుకుపోతే ఎముకలు దెబ్బతింటాయి. వారానికి రెండుసార్లు చిన్న ముక్క చాలు. మిగతా రోజులు బోన్‌లెస్ చికెన్, ఉడికించిన గుడ్డు పెట్టండి.

జవాబు 2: ఉత్త మాంసం కూడా సరిపోదండీ, అందులో ఫాస్ఫరస్ ఎక్కువ కాల్షియం బాగా తక్కువ, మేం తెలీక అలాగే పెడితే మా దానికి ముందు కాళ్లు వంకరపోయాయి, చూస్తే ఏడుపొచ్చేది. డాక్టర్ని అడిగి కాల్షియం మొదలుపెట్టండి.

జవాబు 3: ఉడికిన బొక్కలు మాత్రం వెయ్యకు బ్రో, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉల్లిపాయ వేసిన కూర కూడా వద్దు.