పాల ప్యాకెట్, గట్టి క్యాన్ రెండూ పాలిథీనే అయితే అంత తేడా ఎందుకు?

ఎంపీసీ సెకండియర్:
పాల ప్యాకెట్ ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథీన్), నూనె పోసుకునే గట్టి క్యాన్ హెచ్‌డీపీఈ (ఎక్కువ సాంద్రత పాలిథీన్) అని చదివాను. రెండింటికీ మోనోమర్, అంటే గొలుసు కట్టే చిన్న అణువు, ఇథిలీనే. మరి ఒకటి చేత్తో నలిపితే నలిగిపోతుంది, రెండోది కింద పడేసినా చెక్కుచెదరదు, ఎందుకు? రియాక్షన్లన్నీ బట్టీ పట్టేశాను కానీ ఇది మాత్రం బుర్రకెక్కట్లేదు. పరీక్ష కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

కెమిస్ట్రీ లెక్చరర్:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. ఇథిలీన్ ఒక గ్యాస్, కాయల్ని మగ్గబెట్టేది కూడా అదే. దాని డబుల్ బాండ్‌లో ఒకటి తెగితే ప్రతి అణువూ అటొకదానితో ఇటొకదానితో కలుస్తుంది, అలా వేల యూనిట్ల గొలుసు తయారవుతుంది. ఇక్కడి దాకా రెండూ ఒకటే, తేడా అంతా ఆ గొలుసు ఎలా పెరిగిందన్న దాంట్లో ఉంది.

ఎల్‌డీపీఈని వెయ్యి అట్మాస్ఫియర్లు దాటిన ఒత్తిడిలో ఫ్రీ రాడికల్స్‌తో (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన కణాలతో) చేస్తారు. పెరుగుతున్న గొలుసు కొస ఒక్కోసారి వెనక్కి వంగి తన ఒంటి మీది హైడ్రోజన్‌నే లాక్కుంటుంది, దాంతో రాడికల్ అక్కడికి మారి ఆ చోటి నుంచి కొత్త కొమ్మ మొదలవుతుంది. 1953లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త జీగ్లర్ కనిపెట్టిన టైటానియం, అల్యూమినియం ఉత్ప్రేరకంతో తక్కువ ఒత్తిడిలో చేస్తే కొమ్మలు దాదాపు రావు, అదే హెచ్‌డీపీఈ. కందికట్టె మోపు బిగించి కట్టొచ్చు, తుమ్మకంప ఎంత నొక్కినా మధ్యలో ఖాళీలు మిగులుతాయి కదా, ఇదీ అంతే: కొమ్మల్లేని గొలుసులు దగ్గరగా సర్దుకుని గట్టిగా ఉంటాయి, కొమ్మలున్నవి వదులుగా ఉండి మెత్తగా ఉంటాయి. అందుకే సాంద్రత ఎల్‌డీపీఈకి 0.92, హెచ్‌డీపీఈకి 0.95 గ్రా/ఘ.సెం.మీ. దగ్గర ఉంటుంది, కరగడం కూడా 110 డిగ్రీలకీ 130కీ అటూ ఇటూగా.

మౌల్డింగ్ షాపు:
సార్ చెప్పింది గొలుసుల సంగతి, కుక్కర్ హ్యాండిల్‌కి వాడే బేకలైట్ మాత్రం వేరే కథ. బకెట్ల తుక్కు మరపట్టి మళ్ళీ మెషిన్‌లో పోసుకోవచ్చు, బేకలైట్ తుక్కు కరగదు, ఇంకా వేడి చేస్తే మాడిపోతుంది. ఇంకో తేడా పనిలోనే తెలుస్తుంది: పాలిథీన్ సరుకు మౌల్డ్‌లో చల్లారాకే తీయాలి, లేకపోతే వంకర పోతుంది. బేకలైట్ పొడిని 160 డిగ్రీల దగ్గర నొక్కి ఉంచితే అక్కడే గట్టిపడుతుంది, వేడివేడిగానే బయటికి తీసేస్తాం.

ఎంపీసీ సెకండియర్:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్. అయితే బేకలైట్‌లో గొలుసులు ఒకదానికొకటి అతుక్కుపోతాయా సర్?

కెమిస్ట్రీ లెక్చరర్:
అవును, అదీ మామూలు కోవలెంట్ బాండ్లతోనే (ఎలక్ట్రాన్లు పంచుకునే గట్టి బంధాలతో). బేకలైట్‌ని ఫీనాల్, ఫార్మాల్డిహైడ్‌లతో చేస్తారు. ఫీనాల్ రింగులో ఫార్మాల్డిహైడ్‌తో కలవగల చోట్లు మూడున్నాయి, OH పక్కన రెండు (ఆర్థో), ఎదురుగా ఒకటి (పారా). రెండు చోట్లే ఉంటే గొలుసు సాగుతుంది, మూడోది కూడా కలిసేసరికి అన్ని వైపులకీ వల అల్లుకుంటుంది. బేకలైట్ కనిపెట్టిన బేక్‌లాండ్ 1907లో తయారు చేసింది ఈ వలనే. ఒక హ్యాండిల్ మొత్తాన్ని దాదాపు ఒకే అణువు అనుకోవచ్చు, బాండ్లు తెగితే తప్ప అది కదలదు, తెగాక మిగిలేది బొగ్గే.