నాలుగు కాటాల లాగ్ వరుసలు ముక్కలై కలిసిపోతున్నాయి: లాక్ వేయాలా, విడి బఫర్ పెట్టాలా?

కాటా_మెకానిక్ (కర్నూలు):

అందరికీ నమస్కారం. కర్నూలులో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేసే దుకాణం నాది. సోల్డరింగు, లోడ్‌సెల్లు, కాలిబ్రేషన్ నాకు అలవాటైన పనులే. లినక్స్ కెర్నల్ డ్రైవర్ రాయడం మాత్రం ఇదే మొదటిసారి. తప్పు ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పండి.

దుకాణం వెనక షెడ్డులో నాలుగు ప్లాట్‌ఫారం కాటాలు వరుసగా పెట్టాను. ఒక్కో కాటాకు లోడ్‌సెల్ సిగ్నల్‌ను అంకెలుగా మార్చే హెచ్ఎక్స్ 711 చిప్పు ఒకటి, సెకనుకు 80 రీడింగుల వేగంలో. నాలుగూ నాలుగు కోర్ల చిన్న బోర్డుకు కలిపాను. కెర్నల్ 6.1. కాటాకు ఒక కెర్నల్ త్రెడ్డు (విడిగా నడిచే పని), త్రెడ్డుకు ఒక కోరు. పరీక్ష కోసం చిప్పు ఇచ్చే 24 బిట్లను ఒక్కొక్కటిగా పీఆర్ కాంట్‌తో (నడుస్తున్న వరుసకే ముక్కలు చేర్చే కెర్నల్ ఫంక్షను) ముద్రిస్తున్నాను, చివర్లో కొత్త వరుస గుర్తు. సీరియల్ కన్సోల్ సెకనుకు 115200 బిట్ల వేగం మీద నడుస్తోంది.

ఒక్క కాటా ఆన్ చేస్తే వరుసలు శుభ్రంగా వస్తున్నాయి. నాలుగూ ఆన్ చేస్తే ఇదిగో ఇలా:

[  412.118203] కాటా 2: 000001101
[  412.118219] కాటా 4: 00000
[  412.118240] 0110
[  412.118262] 101001
[  412.118291] 11010

మూడో వరుస ఎవరిది? రెండో కాటాదా, నాలుగో కాటాదా? నేను రాసుకున్న చిన్న స్క్రిప్టు పేరు లేని ముక్కను పైనున్న పేరుకు అతికిస్తుంది. అందువల్ల రెండో కాటా మీద పెట్టిన ఉల్లి బస్తా బరువు నాలుగో కాటా ఖాతాలో పడింది. నాలుగో లోడ్‌సెల్ తీగల్లో లీకేజీ ఉందనుకుని జంక్షన్ బాక్సు విప్పి, కేబులంతా మార్చాను. ఒక రోజు పోయింది. కేబులుకు ఏ జబ్బూ లేదు.

ఇంకో సంగతి. కొన్ని రీడింగుల చివర వరుసగా ఒకట్లే వస్తున్నాయి: 000001101111111111111111. ఇది కూడా ఆ కలగాపులగంలో భాగమేనా?

ఇది నాకు ఎందుకింత పట్టింపో చెప్పాలి. మా నాన్న మార్కెట్ యార్డులో ఒక మండీలో గుమాస్తాగా చేశారు. ఉల్లి సీజనులో నాలుగు కాటాల దగ్గర నుంచి నలుగురు హమాలీలు ఒకేసారి బరువులు అరిచేవారు. ఒక రైతు బస్తా పక్క రైతు తక్‌పట్టీలోకి (అమ్మకం లెక్క చీటీ) ఎక్కితే ఆ సాయంత్రమంతా తగువే. తప్పు ఎవరిదైనా, రాత్రి బండి కట్టుకుని ఇంటికి వెళ్లే రైతుకు డబ్బు తగ్గేది. ఆ తప్పు నా యంత్రం చేయకూడదు.

నా ప్రశ్న: ఉమ్మడిగా ఒక బఫర్ (వరుసను తాత్కాలికంగా దాచే చోటు) పెట్టి దానికి స్పిన్‌లాక్ (ఒకరు వదిలే దాకా మిగతావారు ఆగే తాళం) వేయాలా? త్రెడ్డుకు ఒక బఫర్ పెట్టాలా? అసలు ఈ వరుసలు కలవకుండా చూసుకోవడం కెర్నల్ పని కాదా?

బురుజు_నీడ:

స్పిన్‌లాక్ వేయండి. మొదటి బిట్టుకు ముందు పట్టుకుని, కొత్త వరుస గుర్తు తర్వాత వదిలేయండి. నాలుగు వరుసల మార్పు. నా డ్రైవర్‌లో అలాగే చేశాను, రెండేళ్లుగా ఇబ్బంది లేదు.

అనంత_కెర్నల్ (అనంతపురం):

బురుజు_నీడ గారూ, మీ డ్రైవర్ ఒక్కటే మాట్లాడే బోర్డయితే అది నడుస్తుంది. ఇక్కడ వద్దు. ఆ లాక్ ఈయన నాలుగు త్రెడ్లనే ఆపుతుంది. మధ్యలో యూఎస్‌బీ డ్రైవరో నెట్‌వర్క్ డ్రైవరో ఒక ముక్క చెప్పిందంటే వరుస మళ్లీ తెగుతుంది, వాటికి మీ లాక్ సంగతి తెలియదు కదా. పైగా లాక్ పట్టుకున్న త్రెడ్డే సీరియల్ కన్సోల్‌కు అక్షరాలు తోస్తూ కూర్చుంటే మిగతా మూడు కోర్లు ఊరికే తిరుగుతుంటాయి.

కాటా_మెకానిక్ గారూ, మీరడిగిన మూడో ప్రశ్న అసలైనది, అక్కడి నుంచి మొదలుపెడతాను.

కెర్నల్ తన పని చేస్తూనే ఉంది. కెర్నల్ సందేశాలు రాసే ఫంక్షను ప్రింట్‌కేను మీరు ఒకసారి పిలిస్తే, ఆ ఒక్క పిలుపులో ఇచ్చిన పాఠం ముక్కలు కాకుండా ఒక రికార్డుగా రింగ్ బఫర్‌లోకి (నిండితే మళ్లీ మొదటి నుంచి రాసే చోటు) వెళ్తుంది. 2012లో వచ్చిన కెర్నల్ 3.5 నుంచి బఫర్ రికార్డుల రూపంలో ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన 5.10లో జాన్ ఓగ్నెస్ రాసిన లాక్ లేని రింగ్ బఫర్ చేరింది. అందులో రాసేవాడు ముందు తనకు కావలసినంత చోటు కేటాయించుకుంటాడు, అందులో రాస్తాడు, రాశానని ఒప్పజెబుతాడు. ఇద్దరికి ఒకే చోటు దక్కదు, ఒకరి కోసం ఒకరు ఆగరు. ఏ పనినైనా మధ్యలో ఆపి దూరే ఎన్ఎంఐ ఇంటరప్టు నుంచి కూడా సందేశం రాయగలగాలి. ఆగిపోయిన ఆ పని చేతిలోనే లాక్ ఉండిపోతే యంత్రం అక్కడే బిగుసుకుంటుంది. లాక్ తీసేయడానికి అదొక పెద్ద కారణం.

మీ చిక్కంతా పీఆర్ కాంట్‌లో ఉంది. కొత్త వరుస గుర్తు లేకుండా మీరు ఆపితే, ఆ రికార్డు రాయడం అయిందని లెక్కే గాని ముద్ర (ఇక మార్చలేని సీలు) పడినట్టు కాదు. బఫర్‌లో అదే చిట్టచివరిదై, పిలిచినది కూడా అదే త్రెడ్డయితేనే మీ తర్వాతి ముక్క దానికి అతుకుతుంది. ఈలోగా మరో కోరు కొత్త రికార్డుకు చోటు తీసుకున్న మరుక్షణం మీ పాత రికార్డుకు ముద్ర పడిపోతుంది, ఇక దానిలో అక్షరం చేర్చలేరు. మీ తర్వాతి ముక్క వేరే కాలంతో, పేరు లేకుండా, కొత్త వరుసగా పుడుతుంది. మీ మూడో వరుస అదే. ఒకటికి మించి కోర్లున్న యంత్రాల్లో ఈ కొనసాగింపు భద్రం కాదని, యంత్రం లేచే తొలి దశలో మాత్రమే వాడాలని కెర్నల్ హెడర్‌లో దాని పక్కనే రాసి ఉంటుంది.

కాబట్టి వరుసంతా మీ సొంత బఫర్‌లో కూర్చి, ఒక్క ప్రింట్‌కేతో అప్పగించండి. ఆ బఫర్ ఎక్కడ పెట్టాలి?

స్టాక్ మీద 128 బైట్లు తీసుకున్నా ఫర్వాలేదు, కెర్నల్ స్టాక్ చిన్నదని మాత్రం గుర్తుంచుకోండి. కోరుకు ఒక బఫర్ అనే ఆలోచన పైకి బాగుంటుంది. ఈ రోజు మీ త్రెడ్లు కోర్లకు కట్టేసి ఉన్నాయి కాబట్టి నడుస్తుంది కూడా. రేపు ఎవరైనా ఆ కట్టు విప్పితే, సగం వరుస రాసిన త్రెడ్డును, ఏది ఎప్పుడు నడవాలో నిర్ణయించే షెడ్యూలర్ పక్కకు తప్పించి అదే కోరు మీద ఇంకో త్రెడ్డును నడుపుతుంది. అది అదే బఫర్‌లో రాస్తుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. నా మాట వింటే కాటాకు ఒక బఫర్ పెట్టండి. ప్రతి కాటాకూ మీరు ఒక స్ట్రక్ట్ (దాని వివరాలన్నీ కలిపి ఉంచే అమరిక) రాసే ఉంటారు కదా, అందులోనే 128 అక్షరాల అర్రే చేర్చండి. దానిలో రాసేది ఒకే త్రెడ్డు, కాబట్టి లాక్ అక్కర్లేదు.

కూర్చేటప్పుడు ఎస్‌ఎన్‌ప్రింట్‌ఎఫ్ కాకుండా ఎస్‌సీఎన్‌ప్రింట్‌ఎఫ్ వాడండి. మొదటిది చోటు ఉంటే ఎన్ని అక్షరాలు రాసేదో ఆ సంఖ్య తిరిగిస్తుంది, రెండోది నిజంగా రాసినన్నే చెబుతుంది. మొదటిదాని లెక్క కూడుకుంటూ పోతే ఒక రోజు బఫర్ దాటి రాస్తారు.

ఇలా పిలిచేవారికి తలా ఒక వరుస బఫర్ ఇచ్చే ఏర్పాటు కెర్నల్‌లోనే పెడదామని 2018లో టెట్సువో హండా ప్యాచ్‌లు పంపారు. మీకు వచ్చిన ఆలోచన తక్కువదేమీ కాదు. దాని నష్టం కూడా తెలుసుకోండి: సొంత బఫర్‌లో ఉన్నది అప్పగించకముందే యంత్రం కూలితే ఆ వరుస ఎవరికీ కనిపించదు. అందుకని లోపాల సందేశాలను కూర్చుకుంటూ ఆపవద్దు, వెంటనే పంపేయండి.

ఇంకొకటి. కెర్నల్ మీరే కడుతుంటే కాన్ఫిగ్ ప్రింట్‌కే కాలర్ అనే ఆప్షను ఆన్ చేయండి. 2019లో 5.1తో వచ్చింది. ప్రతి వరుస మొదట్లో ఏ త్రెడ్డు పలికిందో దాని సంఖ్య పడుతుంది. ఇది మొదటి నుంచీ ఉండి ఉంటే ఆ జంక్షన్ బాక్సు విప్పేవారు కాదు.

పెన్నా_తీరం (కడప):

అనంతపురం సార్ చెప్పినదంతా సరైనదే. ఆ చివరి ఒకట్ల వరుస మాత్రం కలగాపులగం వల్ల వచ్చింది కాదని నా అనుమానం. అన్నా, మీ బిట్ల లూపు ఎలా ఉంది? చిప్పు నుంచి ఒక్కో బిట్టును రప్పించే క్లాక్ పిన్ను పైకెత్తి, బిట్టు చదివి, ముద్రించి, ఆ తర్వాత దించుతున్నారా?

కాటా_మెకానిక్:

అవును తమ్ముడూ, సరిగ్గా అదే క్రమం. ఎత్తడం, చదవడం, పీఆర్ కాంట్, దించడం. తప్పా?

పెన్నా_తీరం:

అదే అసలు జబ్బు. హెచ్ఎక్స్ 711 క్లాక్ పిన్ను 60 మైక్రోసెకన్లకు మించి పైనే ఉండిపోతే ఆ చిప్పు పవర్‌డౌన్‌లోకి వెళ్తుంది. దించగానే రీసెట్ అయి లేస్తుంది. లేచాక 80 రీడింగుల వేగంలో కుదుటపడటానికి దానికి 50 మిల్లీసెకన్లు కావాలి. అప్పటివరకు డేటా పిన్ను పైనే ఉంచుతుంది. మీ లూపు మాత్రం ఆగకుండా మిగతా బిట్లు చదువుతూ పోతుంది. పైనున్న పిన్నును చదివితే ఒకటే కదా వచ్చేది.

ఒక్క కాటాతో ఎందుకు బాగుంది, నాలుగింటితో ఎందుకు చెడింది అన్నది చూడండి. ఒక్కటే ఉన్నప్పుడు మీ వరుస ఇంకా ముద్ర పడని రికార్డు. ముద్ర పడనిది కన్సోల్‌కు కనిపించదు, కాబట్టి లూపు మధ్యలో సీరియల్‌కు వెళ్లేది ఏమీ ఉండదు. పిలుపు చప్పున తిరిగొస్తుంది. నాలుగు త్రెడ్లు ఉన్నప్పుడు ఒకరి రికార్డుకు ఇంకొకరు ముద్ర వేసేస్తున్నారు. ముద్ర పడిన వరుసలను సీరియల్‌కు తోసే పని, ఆ క్షణంలో ప్రింట్‌కే పిలిచి కన్సోల్ లాక్ చేజిక్కించుకున్న త్రెడ్డు నెత్తిన పడుతుంది. 115200 వేగంలో, అక్షరానికి 10 బిట్ల చొప్పున, సెకనుకు 11,520 అక్షరాలు. ఒక్క అక్షరానికే దాదాపు 87 మైక్రోసెకన్లు. 60 అక్షరాల వరుసయితే 5 మిల్లీసెకన్ల పైనే. అంతసేపూ మీ క్లాక్ పిన్ను గాలిలో ఉంది!

అంటే పక్క కాటా మాటలు మోస్తూ మీ కాటా చిప్పును నిద్రపుచ్చుతున్నారు. క్లాక్ ఎత్తినప్పటి నుంచి దించే వరకు ఏ ముద్రణా వద్దు. కెర్నల్‌లో ఇప్పటికే ఉన్న హెచ్ఎక్స్ 711 డ్రైవర్ తెరిచి చూడండి, ఆ 60 మైక్రోసెకన్ల సంగతి వ్యాఖ్యలో రాసి మరీ, ఆ కాస్త సేపు త్రెడ్డును ఎవరూ పక్కకు తప్పించకుండా ఆపుతారు.

వేగం లెక్క కూడా ఒకసారి వేయండి. నాలుగు కాటాలు, 80 చొప్పున సెకనుకు 320 వరుసలు. వరుసకు 60 అక్షరాలంటే 19,200. మీ సీరియల్ తీగ మోయగలిగేది 11,520. బఫర్ ఎంత చక్కగా కట్టినా ఇది సరిపోదు. ప్రతి రీడింగూ చూడాల్సిందే అంటే ట్రేస్ ప్రింట్‌కే వాడండి, అది కన్సోల్ జోలికి పోదు.

కాటా_మెకానిక్:

రెండు రోజులు కూర్చుని అంతా మార్చాను, చెప్పాలని వచ్చాను.

లూపులో ఇప్పుడు 24 బిట్లూ ఒక లోకల్ వేరియబుల్‌లోకి వెళ్తున్నాయి. 25వ పల్సు అయి, క్లాక్ దిగాకే కాటా స్ట్రక్ట్‌లోని బఫర్‌లో వరుస కూర్చడం. ఒకట్ల తోక పూర్తిగా పోయింది. నిన్న పొద్దున్నుంచి రాత్రి దుకాణం కట్టే వరకు నాలుగు కాటాలూ నడిచాయి, ఒక్కటీ రాలేదు.

వరుసల సంఖ్య గురించి మా నాన్నతో మాట్లాడాను. లెక్కలు చూపిస్తే ఆయన ఒకటే అడిగారు: "ముల్లు ఊగుతుండగా నీకు బరువెందుకురా?" నిజమే. బస్తా వేసిన క్షణం నుంచి కాటా నిలకడకు వచ్చే వరకు వచ్చే అంకెలతో ఎవరికీ పనిలేదు. అందుకని వరుసగా 40 రీడింగులు 20 గ్రాముల తేడా లోపల ఉంటేనే ఒక వరుస పంపేలా రాశాను. బస్తాకు ఒక్క వరుస. కన్సోల్ దాదాపు ఖాళీగానే ఉంటోంది.

[  388.402117] [  టీ214] కాటా 2: బస్తా 17: 50140 గ్రాములు
[  388.409530] [  టీ216] కాటా 4: బస్తా 12: 49860 గ్రాములు

ఈ రెండు బస్తాలూ ఒకేసారి వేయించాను, కావాలనే. రెండు వరుసల మధ్య 8 మిల్లీసెకన్ల తేడా కూడా లేదు. పేరూ బరువూ ఎవరివి వారి దగ్గరే ఉన్నాయి. స్క్రిప్టులో ముక్కలు అతికించే భాగాన్ని తీసేశాను. పేరు లేని వరుస వస్తే ఇప్పుడు అది అతికించదు, ఆగిపోయి గంట కొడుతుంది.

అనంతపురం సార్, ఒక సందేహం మిగిలింది. లోడ్‌సెల్ తీగ తెగితే వచ్చే లోపం సందేశాన్ని మీరన్నట్టు బఫర్‌లో పెట్టకుండా నేరుగా పంపుతున్నాను. తీగ వదులైతే అది సెకనుకు 80 సార్లు వస్తుంది. దాన్ని ఎలా తగ్గించాలి?

అనంత_కెర్నల్:

పీఆర్ ఎర్ రేట్‌లిమిటెడ్ వాడండి. మామూలుగా 5 సెకన్లకు 10 సందేశాలు వదిలి మిగతావి ఆపుతుంది, ఎన్ని ఆపిందో తర్వాత చెబుతుంది. అయితే ఆ లెక్క కోడులో పిలిచిన చోటుకు ఒకటే ఉంటుంది. రెండో కాటా తీగ వదులై గోల పెడుతుంటే, అదే చోటు నుంచి నాలుగో కాటా పంపే మొదటి హెచ్చరిక కూడా ఆగిపోవచ్చు. కాటా స్ట్రక్ట్‌లోనే ఒక రేట్‌లిమిట్ స్టేట్ పెట్టి, దాన్ని అడిగి ముద్రించండి.

కాటా_మెకానిక్:

అర్థమైంది సార్. బఫర్ పక్కనే అది కూడా పెడతాను. ఈ రాత్రికే రెండు, నాలుగు కాటాల తీగలు ఒకేసారి వదులు చేసి చూస్తాను.