'ఫెచ్' అంటే చేదడమా, ముంచుకోవడమా?

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష పాఠాలు తెలుగులో రాస్తూ, డేటాబేస్ నుంచి సమాచారం తెచ్చే 'ఫెచ్' దగ్గర ఆగిపోయాను. 'తీసుకురావడం' చప్పగా ఉంది. 'పునఃప్రాప్తి' నాకే అర్థం కాలేదు. అమ్మమ్మగారింట్లో గిలక మీంచి చాంతాడు వదిలి నీళ్లు చేదేవాళ్లం. పీడీఓలో (పీహెచ్‌పీ డేటాబేస్‌తో మాట్లాడే సాధనం) ఫెచ్ అన్న ప్రతిసారీ అలాగే ఒక్కో వరుస పైకొస్తుంది, అయిపోతే ఫాల్స్, అంటే ఖాళీ చేద. 'చేదు' అని పెట్టనా?

— పెట్టండి, చదివినవాళ్లు కాకరకాయ అనుకుంటారు! 'తోడు' నయం కదండీ.

— తోడు మాత్రం? పెరుగులో వేస్తారు, పెళ్లిలో వెతుకుతారు. 'చేదడం' అని రాస్తే ఏ గొడవా లేదు. మా కరీంనగర్ వైపు 'నీళ్లు చేదుడు' అంటే ఇప్పటికీ అందరికీ తెలుసు. చేదను బొక్కెన అంటాం.

— మరి వరుసలన్నీ ఒకేసారి తెచ్చే ఫెచ్‌ఆల్‌కి? ఓసారి మూడు లక్షల వరుసలు దాంతో లాగాను. '134217728 బైట్లు అయిపోయాయి' అని ప్రోగ్రామ్ చచ్చింది. ఆ పెద్ద అంకె ప్రోగ్రామ్‌కి పీహెచ్‌పీ మామూలుగా ఇచ్చే 128 ఎంబీ మెమరీ హద్దేనని తెలిసేసరికి తెల్లారింది.

— అది 'తోడెయ్యడం' అమ్మా. పూడిక తీసేముందు నూతిలో నీళ్లన్నీ తోడేస్తారు, ఒక్కో చేదా లెక్కపెట్టరు. పది ఇరవై వరుసలైతే తోడేసినా నష్టం లేదు.

— పోలిక బాగుంది గానీ ఒక మెలిక ఉంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో పీడీఓ మామూలుగా చేసేది బఫర్డ్ క్వెరీ (క్వెరీ అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్న). అంటే ఎగ్జిక్యూట్ అనగానే ఫలితమంతా మన పెరట్లోని గోలెంలోకి వచ్చేసి ఉంటుంది. ఆ తర్వాత ఒక్కో ఫెచ్ చెంబుతో ముంచుకోవడమే, చేదడం కాదు. అందుకే ఫెచ్‌ఆల్ తీసేసి లూప్ పెట్టినా మెమరీ అనుకున్నంత తగ్గదు. నిజంగా నూతిలోంచి చేదాలంటే బఫర్ ఆపాలి. అప్పుడు ఆ కనెక్షన్ మీద వరుసలన్నీ పైకి వచ్చేదాకా ఇంకో క్వెరీ నడవదు. ఒక చాంతాడుకి ఒకటే బొక్కెన మరి.

ఇంకో సంగతి. వరుస ఏ రూపంలో కావాలో, అంటే మోడ్, చెప్పకపోతే ఫెచ్ ప్రతి గడినీ పేరుతో ఒకసారి, అంకెతో ఒకసారి ఇస్తుంది, ఒకే నీళ్లు రెండు బిందెల్లో పోసినట్టు. ఫెచ్ అసోక్ అని చెప్తే పేర్లతోనే వస్తుంది.

— అయితే చేదడం, ముంచుకోవడం, తోడెయ్యడం, మూడూ రాసుకున్నాను. ఒక్క అనుమానం. నుయ్యి తోడేస్తే ఎండుతుంది, టేబుల్‌లో వరుసలు ఎక్కడివక్కడే ఉంటాయిగా?

— టేబుల్ ఎండదు, ఆ క్వెరీ ఫలితం ఎండుతుంది. ఫెచ్‌ఆల్ అయ్యాక అదే స్టేట్‌మెంట్ మీద మళ్లీ ఫెచ్‌ఆల్ అని చూడండి, ఖాళీ 'అరే' (జాబితా) చేతికొస్తుంది.